ల్యాండ్ ట్రస్టు భూమిని కొనకుండానే ఎలా కాపాడుతుంది?

భూమి ప్రైవేటు యజమాని పేరిటే ఉండగా, అక్కడి ప్రకృతినీ దృశ్యాన్నీ ల్యాండ్ ట్రస్టు, అంటే భూములను కాపాడడానికి పనిచేసే లాభాపేక్ష లేని సంస్థ, ఎలా కాపాడగలదని మీరు అడిగారు. అమెరికాలో ఒక చిన్న ట్రస్టు తరఫున ఏటా భూముల పరిశీలనకు వెళ్లే స్వచ్ఛంద కార్యకర్తను కనుక, చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

భూమిని కొనడం, విరాళంగా స్వీకరించడం పాత పద్ధతులు. 1891లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ చార్లెస్ ఎలియట్ చొరవతో మసాచుసెట్స్‌లో ఏర్పడిన ట్రస్టీస్ ఆఫ్ రిజర్వేషన్స్ అనే ట్రస్టు ఆ బాటలోనే నడిచింది. మీరు అడిగినది కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అనే ఒప్పందం గురించి. ఇందులో ప్లాట్లుగా విడగొట్టడం, భవనాలు కట్టడం వంటి హక్కులను యజమాని శాశ్వతంగా వదులుకుని, ఆ షరతులను అమలు చేయించే అధికారాన్ని ట్రస్టుకు రాసిస్తారు. సాగు చేసుకోవడానికి, అమ్ముకోవడానికి అడ్డేమీ ఉండదు. అయితే దస్తావేజు రిజిస్టరు అవుతుంది కాబట్టి తర్వాత కొన్నవారూ దానికి కట్టుబడవలసిందే. నిబంధనల మేరకు దానంగా ఇచ్చినవారికి ఫెడరల్ ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది. దృశ్య రక్షణ కోసమే ఇచ్చినప్పుడు ప్రజలను లోపలికి రానివ్వాలన్న నియమం లేదు, బయటి నుంచి ఆ దృశ్యం కనిపిస్తే సరిపోతుంది.

నా దృష్టిలో అసలైన రక్షణ సంతకాల తర్వాతే మొదలవుతుంది. ఒప్పందం నాటి భూస్థితిని పటాలతో, ఫోటోలతో నమోదు చేసిన నివేదికను పట్టుకుని, ఏటా అవే చోట్ల నిలబడి మళ్లీ ఫోటోలు తీస్తాం. రోడ్డు మీదికి కనిపించే ఒక పచ్చిక వాలులో, భూమిని కొత్తగా కొన్న యజమాని షెడ్డు వేయడం మొదలుపెట్టారు. దస్తావేజులో ‘సుందర దృశ్యం’ అని మాత్రమే ఉంటే వాదన ఎన్నాళ్లు సాగేదో చెప్పలేను. ఏ బిందువు నుంచి ఎంతమేర ఖాళీగా ఉండాలో పటంలో గీసి ఉండడం వల్ల, పాత ఫోటో చూపగానే ఆయన షెడ్డును చెట్ల వెనక్కి మార్చడానికి ఒప్పుకున్నారు. నేను చూసిన ఉల్లంఘనల్లో చాలావరకు ఇలాంటివే, దురుద్దేశంతో కాక దస్తావేజు చదవకపోవడం వల్ల జరిగినవి.

అందరూ అంత సులువుగా ఒప్పుకోరు. కోర్టుకు వెళ్లవలసి వస్తే ఖర్చు భారీగా ఉంటుంది. అందుకే ట్రస్టుల కోసం 2013లో టెర్రాఫర్మా అనే ప్రత్యేక బీమా ఏర్పాటు మొదలైంది. మీరు భూమి ఇవ్వాలనుకుంటే, ఏటా పరిశీలనకూ న్యాయపోరాటానికీ ట్రస్టు వద్ద విడిగా నిధి ఉందా, ఆ ట్రస్టు మూతపడితే బాధ్యత ఎవరికి చేరుతుంది అన్న రెండింటికీ సంతకానికి ముందే రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి.