కోటు సంగతి తర్వాత, ముందు మీ అన్నయ్యగారి సంగతి చూడండి

ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి ఒకావిడ రాశారు. సొంతూరు గుంటూరు, నర్సుగా వెళ్లి అక్కడి ఇంగ్లీషాయన్నే పెళ్లి చేసుకున్నారు. ఆయన కుర్రతనంలో టెడ్డీ బాయ్ అట, అంటే 1950ల్లో పొడుగు కోట్లేసుకుని తిరిగిన ఇంగ్లీషు కుర్రాళ్ల వేషాన్నీ ఆనాటి రాక్ అండ్ రోల్‌నీ 1970ల్లో మళ్లీ తలకెత్తుకున్న బ్యాచ్. ఇప్పుడు రిటైరయ్యాక ఆ కోటు బయటికి తీశారు, శనివారమైతే పాత ఫ్రెండ్స్‌తో డాన్సులు. "మా మేనల్లుడి పెళ్లికి కూడా అదే వేసుకొస్తానంటున్నారు, మావాళ్లలో తలెత్తుకోలేను, ఎలా మాన్పించాలి?" ఇదీ ప్రశ్న.

మాన్పించక్కర్లేదమ్మా. వేసుకోనివ్వండి.

ఏముంది అందులో, మోకాళ్ల దాకా కోటు, వెల్వెట్ కాలరు, గొట్టం ప్యాంటు, లావు క్రేప్ సోల్ బూట్లు, బ్రిల్‌క్రీమ్ రాసి దువ్విన పఫ్. మన నాన్నల కాలేజీ ఫొటోలు తీయండి, ఆ పఫ్పూ ఆ గొట్టం ప్యాంటూ అక్కడా కనిపిస్తాయి, వాళ్లని మనం అందగాళ్లంటాం! మీ ఆయన 1958లో పుట్టి, పద్నాలుగేళ్లకి లండన్ వెంబ్లీ స్టేడియంలో 1972 ఆగస్టు 5న చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, జెర్రీ లీ లూయిస్, బిల్ హేలీ లాంటి రాక్ అండ్ రోల్ స్టార్లందర్నీ ఒకే రోజు విన్నాడు, 1976 మే 15న రేడియోలో రాక్ అండ్ రోల్ వేయట్లేదని వేలమంది లండన్ వీధుల్లో బీబీసీ ఆఫీసుకి ఊరేగింపుగా వెళ్తే అందులో ఈయనా ఉన్నాడు, చివరికి బీబీసీ దిగొచ్చి రేడియో వన్‌లో ప్రోగ్రాం పెట్టింది. హోజరీ ఫ్యాక్టరీలో పనిచేసే పద్దెనిమిదేళ్ల కుర్రాడి మాట బీబీసీ విందంటే చిన్న విషయమా? అది చెప్తుంటే ఆయన కళ్లు మెరుస్తాయని రాసింది మీరే, మళ్లీ సిగ్గుపడుతోందీ మీరే.

ఇక టెడ్డీ బాయ్స్ అంటే నల్లవాళ్ల మీద పడ్డ గుంపులంటూ మీ అన్నయ్యగారు పంపిన వాట్సాప్ మెసేజ్. 1958లో లండన్‌లోని నాటింగ్ హిల్‌లో వెస్టిండీస్ నుంచి వచ్చి స్థిరపడ్డ నల్లవాళ్ల ఇళ్ల మీద పడ్డ గుంపుల్లో టెడ్డీ బాయ్స్ ఉన్నారు, నిజమే, దాచాల్సిన పనిలేదు. అప్పటికి మీ వారు చంటిపిల్లాడు. కానీ 70ల్లో ఆ బుద్ధి ఉన్నవాళ్లు పూర్తిగా పోలేదు కదా, నల్లవాడైన చక్ బెర్రీ పాటకి ఊగుతూనే నల్లవాళ్లని తిట్టేవాళ్లూ ఉండేవారు. "నీ పక్కనోళ్లు అలా మాట్లాడితే నువ్వేం చేశావ్" అని ఆయన్ని అడగండి, భార్యగా అడగాల్సిన ప్రశ్న అది. మీరు మీకోసం అడగండి, మీ అన్నయ్య ఫార్వర్డ్ చేశారని కాదు.

ఎందుకంటే ఉత్తరం మొత్తంలో నాకు గుచ్చుకున్నది కోటు కాదు, మధ్యలో ఎక్కడో మామూలుగా రాసేసిన ఒక్క లైను, "అన్నయ్య ఫోన్ చేసి నువ్వొక్కదానివే వస్తే బాగుంటుందన్నాడు" అని. పెళ్లికి పిలిచేది దంపతుల్ని. మీ అన్నయ్య ఇన్నేళ్లలో మీ వారిని ఒక్కసారైనా బావగారూ అన్నారా? మీ అమ్మగారు లెస్టర్ వచ్చి ఉన్నన్నాళ్లూ మీ వారిని నాన్నా అనే పిలిచారట, పెద్దావిడకి లేని ఇబ్బంది మీ అన్నయ్యకేంటి? మీ వారు రేపు పంచె కట్టుకుని కండువా వేసుకుని దిగినా మీ అన్నయ్యకి నచ్చదు, అది మీకూ తెలుసు, అందుకే కోటు మీద పెట్టి నన్ను అడుగుతున్నారు.

నాకు అన్నదమ్ములంటే చాలా ప్రేమ, పుట్టిల్లు వదులుకోమని ఎవరికీ చెప్పను. కానీ మొగుణ్ణి గుమ్మం బయట నిలబెట్టి మనం లోపలికెళ్లి అక్షింతలేయడం నా వల్ల కాదు, మీరూ చేయొద్దు, మేనత్త హోదా ఉంటే ఉండనీ.

ఈ వారంలోనే మీరే ఫోన్ చేయండి. "అన్నయ్యా, మీ బావగారితో నువ్వు స్వయంగా మాట్లాడి పిలువు, ఇద్దరం వస్తాం" అనండి, వదినగారు లైన్లో ఉన్నా సరే ఇదే మాట. చూద్దాంలే అంటే టికెట్లు బుక్ చేయకండి.