టెక్ సందేహాలు: డీజిల్‌తో నడిచే ఫ్యూయల్ సెల్ లారీకి దొరుకుతుందా?

విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక లారీ యజమాని అడుగుతున్నారు: "కొత్త బండి ఏసీ క్యాబిన్‌తో వచ్చింది. లోడు కోసం ఆగిన రాత్రి డ్రైవర్ ఏసీ వేసుకుని పడుకుంటే, తెల్లారేసరికి పదిహేను లీటర్ల డీజిల్ అయిపోతోంది. ఇంజిన్ ఆపేసి, ట్యాంకులోని ఆ డీజిల్‌తోనే కరెంటు ఇచ్చే ఫ్యూయల్ సెల్ ఉందని వీడియోలో చూశాను. ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది?"

మీ లారీకి కొనేందుకు దొరకదండీ. ఫ్యూయల్ సెల్ అంటే ఇంధనాన్ని మండించకుండా, రసాయన చర్యతో నేరుగా కరెంటు చేసే పరికరం. వీడియోలో చూపింది అబద్ధం కాకపోవచ్చు, కానీ అది పాత కథ. అమెరికాలో లారీ ఊరికే ఆన్‌లో ఉంటే గంటకు మూడు లీటర్ల దాకా తాగుతుంది. కాలిఫోర్నియాలోనైతే ఐదు నిమిషాలకు మించి ఇంజిన్‌ను అలా వదిలేయకూడదు. ఒక ఏసీ, రెండు లైట్లు, ఒక ఫోన్ ఛార్జర్ కోసం నాలుగు వందల హార్స్‌పవర్ ఇంజిన్‌ను రాత్రంతా తిప్పడం దండగ కదా. అందుకే అక్కడ డెల్ఫీ అనే కంపెనీ డీజిల్ ఫ్యూయల్ సెల్ యూనిట్‌ను పీటర్‌బిల్ట్ ట్రక్కుకు బిగించి చూపింది. యూరప్‌లో 2012 తర్వాత ఏవీఎల్ అనే ఆస్ట్రియా కంపెనీ నడిపించిన 'డెస్టా' ప్రాజెక్టు వోల్వో ట్రక్కు కోసం ఇలాంటిదే తయారుచేసింది.

ఫ్యూయల్ సెల్ డీజిల్‌ను నేరుగా వాడుకోలేదు. ముందు రిఫార్మర్ అనే పెట్టెలో డీజిల్‌ను ఆవిరి చేసి, లెక్కగా గాలి కలిపి, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌లుగా విడగొట్టాలి. గాలి లెక్క కాస్త తప్పినా మసి కడుతుంది. పాలు అడుగంటిన గిన్నె గుర్తుతెచ్చుకోండి, అలా ఉంటుంది లోపల. రెండో తలనొప్పి గంధకం. మన బీఎస్-6 డీజిల్‌లో ఉండేది పది లక్షల పాళ్లలో పది పాళ్లే. సెల్‌లోని నికెల్‌కు అదీ ఎక్కువే, ముందే తీసేయాలి.

ఇంజినీర్లు ఇవన్నీ దాటారు. అసలు చిక్కు సెల్ దగ్గర వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా ఇంధనంగా వాడుకోగలది సిరామిక్ సెల్. అది పనిచేయాలంటే సుమారు 700 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడి కూడా నెమ్మదిగా ఎక్కించాలి. ఒక్కసారిగా వేడెక్కినా, చల్లారినా లాంతరు చిమ్నీ మీద నీళ్లు చల్లినట్టు పగుళ్లిస్తుంది. లారీ బతుకేమో ఆగడం, కదలడం, గుంతల్లో ఎగిరిపడడం. పోనీ 80 డిగ్రీలకే పనిచేసే మామూలు సెల్ పెడదామంటే, దానికి కార్బన్ మోనాక్సైడ్ విషం. దాన్ని శుభ్రం చేయడానికి మరో రెండు పెట్టెలు కావాలి.

ఈలోగా లిథియం బ్యాటరీ వచ్చి ఆట ముగించింది. 2010లో ఒక కిలోవాట్ అవర్ (అంటే ఒక యూనిట్) కరెంటు దాచుకునే బ్యాటరీ ప్యాక్‌కు వెయ్యి డాలర్లు దాటి ఉన్న ధర, 2024కి 115 డాలర్లకు దిగింది. ఇంత బేరం ముందు మసి కట్టే పెట్టెను ఎవరు కొంటారు?

కాబట్టి మీరు అడగాల్సింది ఇంజిన్ ఆపినా బ్యాటరీతో నడిచే 24 వోల్టుల పార్కింగ్ ఏసీ గురించి. సగటున 500 వాట్లు లాగుతుందనుకుంటే ఎనిమిది గంటలకు నాలుగు యూనిట్లు. 24 వోల్టుల, 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో దాదాపు ఐదు యూనిట్లు ఉంటాయి, పగలు బండి నడుస్తుంటే ఆల్టర్నేటర్ నుంచి ఛార్జ్ అవుతుంది. మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ (బండి కరెంటును ఈ బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఎక్కించేది) తప్పనిసరి. ఖర్చు తగ్గుతుందని ఏసీని బండి బ్యాటరీకే కలిపేశారో, పొద్దున సెల్ఫ్ తీసుకోదు. కేబుల్‌కు ఫ్యూజ్ లేకుండా బిగిస్తానన్న వాళ్ల దగ్గర బండి వదలకండి. మూడున్నర టన్నులు దాటిన లారీల్లో 2025 అక్టోబర్ నుంచి తయారైనవాటికి ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది కాబట్టి, ఈ ప్రశ్న మీ ఒక్కరిదే కాదు.

హైదరాబాద్ నుంచి మరొకరు: "మా అపార్ట్‌మెంట్ జనరేటర్ తీసేసి ఫ్యూయల్ సెల్ పెట్టుకోవచ్చా?"

జపాన్‌లో 2009 నుంచి ఎనె-ఫామ్ పేరుతో ఇళ్లలో పెట్టుకుంటున్నారు, పైపు గ్యాస్‌తో. కానీ సిరామిక్ రకమైతే రోజంతా నడుస్తుంటేనే బాగుంటుంది. కరెంటు పోయినప్పుడు పావుగంట నడిపి ఆపేయడానికి అది పనికిరాదు. మీకు లిఫ్టుకు, మోటారుకు సరిపడే ఇన్వర్టర్ చాలు.