చీనీ తోటకు స్విస్ కుక్క సరిపోతుందా?

ప్రశ్న: మాకు చీనీ (బత్తాయి) తోట, నలభై గొర్రెలు, రెండు ఎనుములు ఉన్నాయి. రాత్రి కాపలాకు, పగలు మంద తోలడానికి స్విస్ కొండజాతి కుక్కను తేవాలనుకుంటున్నాం. నాలుగు రకాలట. ఏది మేలు?
– రైతు, అనంతపురం జిల్లా

జవాబు: నాలుగూ నలుపు, తెలుపు, ఇటుక రంగుల్లో ఒకేలా కనిపిస్తాయి గానీ గుణాలు వేరు. గ్రేటర్ స్విస్, బెర్నీస్ ముఖ్యంగా బండి లాగిన కుక్కలు. బెర్నీస్‌తో పాలను జున్ను కేంద్రాలకు చేరవేసేవారు. గ్రేటర్ స్విస్ మగది 65-72 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది. కొత్తవాళ్లొస్తే గట్టిగా అరుస్తుంది, మామూలుగా మీద పడదు. బెర్నీస్ ఇంటి మనుషుల్ని వదలదు. తోటలో ఒంటరిగా కట్టేస్తే దిగులు పడుతుంది.

తోలే పని అప్పెన్‌జెల్లర్, ఎంట్లెబూకర్‌లది. అయితే అవి తోలింది ఆవుల్ని. వెనకనుంచి వచ్చి మడమ దగ్గర కొరికి, ఆవు తన్నేలోపు నేలకు కరుచుకుపోతాయి. గొర్రెలతో అదే చేస్తే మంద చెదిరిపోతుంది, చూడి గొర్రెలు బెదిరి ఈసుకుపోవచ్చు (కడుపు పోవచ్చు). కాపలాకు అప్పెన్‌జెల్లర్ గట్టిదే: కొత్తవాళ్లను నమ్మదు, తిండి ఆశ చూపినా లొంగదు. కానీ ఆకు కదిలినా అరుస్తుంది. పని లేకపోతే ఇంట్లో పిల్లల మడమల వెంట పడుతుంది.

వీటన్నిటికీ బొచ్చు రెండు పొరలు. మన మే నెల ఎండలో తోటలో వదిలితే బతుకు కష్టం. మీకు నా సలహా నాటు కుక్కపిల్లే. రెండు నెలల వయసు నుంచీ గొర్రెల దొడ్డిలోనే పెంచండి.

ప్రశ్న: మధ్యాహ్నం మా బెర్నీస్ రొప్పుతూ కూలబడింది. తడి గోనెపట్ట కప్పాం. బొచ్చు గొరిగించమంటారా?
– పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఇంకోసారి గోనె కప్పకండి. కాసేపటికి అదే వేడెక్కి, ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. నీడలో పడుకోబెట్టి కుళాయి నీళ్లు ధారగా పోస్తూ ఫ్యాన్ పెట్టండి. పై వెంట్రుక తడిసినా లోపలి బొచ్చు పొడిగానే ఉండిపోతుంది. వేళ్లతో పాయలు తీసి చర్మం తడిసేదాకా పోయాలి. పొట్ట, తొడల సందులు మరవద్దు. మలద్వారంలో థర్మామీటరు పెడితే మామూలుగా 38.3-39.2 సెల్సియస్ చూపుతుంది. 41 దాటితే ప్రాణాపాయం. 39.5కు దిగగానే నీళ్లు ఆపండి, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడిపోతుంది. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే. కిడ్నీల దెబ్బ ఒకట్రెండు రోజులకు గానీ బయటపడదు.

గొరిగిస్తే ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, బొచ్చు మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు. వారానికి మూడుసార్లు ఊడే లోబొచ్చును దువ్వి తీసేయండి. నడక తెల్లవారుజామునే. అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి.