కన్సెంట్ ఫారం మీద సంతకం పెడితే ఒప్పుకున్నట్టేనా?

"ఆపరేషన్‌కి ముందు ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు కదా, ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్ అంటే అదేనా?" అని ఒకరు అడిగారు. కాదండీ. ఏం చేస్తారో, ఏం జరగొచ్చో తెలుసుకుని మన ఇష్టంతో ఒప్పుకోవడం అది. ఆ సంగతి నాకూ సంతకం పెట్టేశాకే తెలిసింది.

అమ్మకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. తెల్లారితే ఆపరేషన్ అనగా రాత్రి నర్సు ఫారం తెచ్చి నా చేతికిచ్చి, "ఇక్కడొకటి, వెనకాల ఒకటి" అంది. చదవకుండానే పెట్టేశాను. పక్కనే మంచం మీద కూర్చున్న అమ్మ, "కోసేది నా కడుపు. సంతకం నీదేంట్రా?" అంది. నవ్వుతూనే అంది గానీ న్యాయంగానే అడిగింది. స్పృహలో ఉండి, చెప్తే అర్థం చేసుకోగల పెద్దమనిషి బదులు కొడుకు ఒప్పుకోవడమేంటి? ప్రాణం మీదికొచ్చి, మనిషి మాట్లాడలేని స్థితిలో ఉంటే వేరే సంగతి.

పొద్దున సర్జన్ వచ్చి, "ఏం చేయబోతున్నామో మీరే చెప్పండమ్మా" అన్నాడు. "చిన్న చిల్లులు పెట్టి రాళ్లు తీస్తారు" అంది అమ్మ. "రాళ్లొక్కటే కాదు, సంచీ మొత్తం తీసేస్తాం." అమ్మ మొహం మారిపోయింది. అన్నిరోజులూ ఆవిడ "సరే" అన్నది రాళ్లకే! ఆయన కాగితం మీద బొమ్మ గీశాడు: సంచీ ఇది, పైత్యరసం వెళ్లే గొట్టం ఇది, దీనికి దెబ్బ తగలొచ్చు, లోపల అంతా అతుక్కుపోయి ఉంటే పొట్ట తెరవాల్సి రావచ్చు, అసలు చేయించుకోకపోతే ఇదీ పరిస్థితి. అప్పుడు నా సంతకం కొట్టేసి తను పెట్టింది.

పరిశోధనల్లో ఇది ఇంకా ముఖ్యం. అమెరికాలో టస్కెగీ అధ్యయనం 1932 నుంచి 1972 దాకా సాగింది. సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్లకి "మీ రక్తం చెడింది" అని చెప్పారే తప్ప జబ్బు పేరు చెప్పలేదు. ఆ జబ్బుని తగ్గించే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. వాళ్లూ పిలిస్తే వచ్చినవాళ్లే, కాదనలేదు. దేనికి వస్తున్నారో మాత్రం తెలియదు. పైగా, స్వచ్ఛందమైన అంగీకారం తప్పనిసరి అని 1947లోనే మనుషుల మీద చేసే ప్రయోగాల కోసం పెట్టిన న్యూరెంబర్గ్ నియమావళి మొదటి వాక్యంలో రాసిపెట్టి ఉంది.

తర్వాత నేనే ఒక బీపీ మాత్రల ట్రయల్‌లో చేరాను. "నాకేది పడుతుందో డాక్టరుగారు చూసి ఇస్తారుగా?" అని అడిగితే కోఆర్డినేటర్ ఫారం పక్కన పెట్టేసింది. "లేదు. కంప్యూటర్ లాటరీ తీస్తుంది. మీకు ఏ మాత్ర వచ్చిందో ఆయనకీ తెలీదు" అంది. వైద్యానికీ ప్రయోగానికీ తేడా నాకు ఎక్కింది అప్పుడే. చాలామంది పొరబడేదీ అక్కడే.

నాలుగో నెలలో మానేస్తానన్నాను. కారణం చెప్పబోతుంటే, "చెప్పక్కర్లేదండీ, ఇష్టమైతేనే చెప్పండి. ఇక్కడ మీ మామూలు వైద్యం ఎప్పట్లాగే జరుగుతుంది" అంది. మొదటి రోజు చదివిన కాగితంలో కూడా అదే ఉంది.