నీటిరంగుల ఆకాశంలో చారలెందుకు?

ప్రశ్న: గండికోట లోయ, దాని మీద ఆకాశం వేస్తున్నాను. నీలం ఆరేసరికి అడ్డంగా చారలు పడుతున్నాయి. సరిచేయబోతే మచ్చలవుతున్నాయి. కాగితం కూడా ఉబ్బిపోతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

జవాబు: కుంచె పట్టకముందే ఫ్యాను ఆపేయండి. మన ఎండలకు ఫ్యాను గాలి తోడైతే, రెండో గీత గీసేలోపే మొదటి గీత అంచు ఆరిపోతుంది. మీకు కనబడే చార ఆ ఆరిన అంచే. ఎండాకాలంలో ఆకాశం పని పొద్దున్నే ముగించుకోవడం మేలు.

ఉబ్బడం మీ తప్పు కాదు, కాగితం తప్పు. బడిపిల్లల డ్రాయింగ్ షీటు ఇన్ని నీళ్లు తట్టుకోదు. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాటన్ కాగితం కొనండి. ధర ఎక్కువే గానీ 22×30 అంగుళాల షీటులో 7.5×11 ముక్కలు ఎనిమిది వస్తాయి. రంగుల్లో పొదుపు చేసినా ఫర్వాలేదు, కాగితంలో వద్దు.

ముక్కను నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అట్టకు అంటించి, అట్ట పైఅంచు కింద రెండంగుళాల ఎత్తు పెట్టండి. రెండు టీస్పూన్ల రంగు నీరు ముందే కలిపి ఉంచుకోండి. మధ్యలో అయిపోయి మళ్లీ కలపబోతే చార ఖాయం. 12వ నంబరు గుండ్రటి కుంచెను నిండా ముంచి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే గీత. గీత అడుగున రంగు నీరు బొట్టు కట్టి నిలవాలి. నిలవలేదంటే కుంచెలో రంగు చాలలేదు. తర్వాతి గీత ఆ నీటిని తాకుతూ పోవాలి. చివర మిగిలినదాన్ని పిండిన కుంచెతో పీల్చేయండి, లేదంటే వెనక్కి పాకుతుంది.

ఇక చేయి పెట్టొద్దు. మెరుపు పోయినంత మాత్రాన ఆరినట్టు కాదు. వేళ్ల వెనకవైపు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. అప్పుడు తడి కుంచె పెడితే కొత్త నీరు రంగును పక్కలకు నెట్టేసి క్యాలీఫ్లవర్ ఆకారంలో మచ్చ వేస్తుంది. మచ్చ పడితే, పూర్తిగా ఆరాక శుభ్రమైన తడి కుంచెతో మెల్లగా రుద్ది, టిష్యూతో అద్దండి. మీ నీలం అల్ట్రామరిన్ అయితే చాలావరకు లేస్తుంది. థాలో బ్లూ అనే నీలం మొండిది, లేవదు.

ప్రశ్న: కొండారెడ్డి బురుజు నీడలకు నలుపు కలిపితే మసి పట్టినట్టుంది. వేరే దారి ఉందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నలుపు పక్కన పెట్టండి. అల్ట్రామరిన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలపండి. నీలం ఎక్కువైతే చల్లని బూడిద రంగు, సియెన్నా ఎక్కువైతే ఎండ తగిలిన రాతి రంగు వస్తాయి. మూడో రంగు వేయకండి, బురద అక్కడే మొదలవుతుంది. తడిలో ముదురుగా కనిపించిన నీడ ఆరాక పలచబడుతుంది. అందుకని అదే కాగితం తునక మీద వేసి, ఆరనిచ్చి చూసుకున్నాకే బురుజు మీదికి వెళ్లండి.