నోటు చించితేనే క్షమించినట్టా?

ఒక సోదరి రాశారు: "తమ్ముడు షాపు పెట్టుకుంటానంటే నా 8 కాసుల నగలు ఇచ్చాను. తాకట్టు విడిపించలేదు, వేలంలో పోయాయి. పెద్దలు అడిగితే బాకీకి ప్రోనోటు రాసిచ్చాడు. రెండేళ్లు దాటింది, రూపాయి రాలేదు. 'క్షమించానన్నావుగా, నోటు చించెయ్' అంటోంది అమ్మ. ఇద్దరం ఒకే చర్చి. బల్ల ఆదివారం, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు, రొట్టె పళ్లెం నా దగ్గరికొస్తే చెయ్యి రాదు, పక్కావిడకి అందించేస్తున్నా. దేవుడు నా ప్రార్థన వింటున్నాడా?"

అమ్మా, ఆ పళ్లెం దగ్గరే నా మనసు ఆగిపోయింది. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, ఎవరిని వారు పరీక్షించుకుని ఆ రొట్టె తినమన్నాడు. పరీక్షించుకుని దూరంగా కూర్చోమనలేదు. మీ పాస్టరు గారితో ఒక మాట చెప్పుకోండి. మనసులో కోపం ఇంకా ఉందని ప్రభువు దగ్గర ఒప్పుకుని చెయ్యి చాపండి. అలా చాపడానికి మీకు అర్హత లేదని నేననుకోను.

ప్రార్థన మాటకొస్తే, 13వ కీర్తన పైకే చదవండి. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని దావీదే అడిగాడు. ఆరే వచనాలు. శత్రువు అన్న మాట దగ్గర తమ్ముడి ముఖం గుర్తొచ్చి గొంతు పూడుకుపోతే అక్కడే ఆపి ఏడవండి. మిగతాది రేపు చదవొచ్చు.

నోటు మాత్రం చించొద్దు. తమ్ముడు చెడిపోవాలని కోరుకోవడం మానేస్తే అది క్షమాపణే. బాకీ బాకీయే. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని పన్నులు వసూలు చేసే జక్కయ్య అంటే యేసు వద్దనలేదు, ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. 1999లో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో భర్తనీ ఇద్దరు పిల్లల్నీ సజీవంగా తగలబెట్టినవాళ్లను గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించారు. అయినా కేసు నడిచింది, శిక్ష పడింది. ఆవిడ క్షమించలేదని ఎవరనగలరు?

తమ్ముణ్ణి మళ్లీ నమ్మడం వేరే సంగతి, దానికి తొందరలేదు. యోసేపు కూడా తనను అమ్మేసిన అన్నలను చూడగానే కౌగిలించుకోలేదు. చాటుకెళ్లి ఏడ్చాడు. తమ్ముడు బెన్యామీను కోసం అన్న యూదా తన్ను తాను అప్పగించుకున్నాకే తానెవరో చెప్పాడు. ఈలోగా ఇంకో రూపాయి అప్పివ్వకండి, హామీ సంతకం పెట్టకండి.

ఈ వారమే నోటు తీసి తేదీ చూడండి. మామూలు ప్రోనోటుకు రాసిన రోజు నుంచి మూడేళ్లే గడువు. అది దాటకముందే ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి తమ్ముణ్ణి పిలవండి. ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక ఆ కట్టినదానికి చెల్లు రాయించి తమ్ముడి సంతకం పెట్టించుకోండి. అక్కడినుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. మాట పెరిగితే ఆ రోజుకి ఆపేయండి. వెళ్లేముందు అన్నం తినమంటారా? మీకు మనసొస్తేనే.