క్లోరోక్విన్ జెల్‌లో ఒకటే బ్యాండ్ వస్తుంటే ముందు బఫర్ చూడండి

ఉప్పు ఎక్కువ వేసి, వేయకుండా పెంచిన సాల్మొనెల్లా బ్యాక్టీరియా నుంచి పీయూసీ18 ప్లాస్మిడ్ (చిన్న గుండ్రటి డీఎన్ఏ) తీసి, మెలికల తేడా చూద్దామని క్లోరోక్విన్ జెల్‌లో నడిపితే రెండిట్లోనూ ఒకటే బ్యాండ్ వస్తోందని అడిగారు. మీరు క్లోరోక్విన్‌ను (డీఎన్ఏలో దూరి మెలికను కొంత విప్పే మందు) జెల్‌లో మాత్రమే కలిపి, పైన మామూలు బఫర్ పోసి ఉంటారు. ఒకటే బ్యాండ్ రావడానికి ఎక్కువగా కారణం అదే. ఉప్పు ఎక్కువైతే నెగటివ్ సూపర్‌కాయిలింగ్ (డీఎన్ఏ తన సహజ మెలికకు వ్యతిరేక దిశలో తన మీద తానే మెలిపడటం) పెరుగుతుందనీ, పేగు కణాల్లోకి చొరబడటానికి కావాల్సిన ఇన్వ్‌ఏ జీన్ దాంతోపాటు పెరుగుతుందనీ 1990లోనే చూపించారు కాబట్టి, తేడా లేదని అప్పుడే తేల్చేయకండి.

1. జెల్‌లోనూ బఫర్‌లోనూ మిల్లీలీటరుకు 2.5 మైక్రోగ్రాముల క్లోరోక్విన్ ఉండాలి. ఈ మోతాదులో బాగా మెలిపడ్డవే ముందు పరుగెత్తుతాయి, 25 వేస్తే వరస తిరగబడుతుంది.

2. డీఎన్ఏను కనిపించేలా చేసే రంగు ఎథిడియం బ్రోమైడ్‌ను జెల్‌లో ముందే కలపొద్దు. తక్కువ వోల్టేజీ మీద రాత్రంతా నడపండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: స్టెయిన్ చేసే ముందు జెల్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో, నీళ్లు మారుస్తూ కొన్ని గంటలు కడగాలి. లోపల క్లోరోక్విన్ మిగిలితే ఎథిడియం సరిగ్గా పట్టదు, నిచ్చెనలా విడిపోయిన సన్నటి బ్యాండ్లు అక్కడే ఉన్నా కంటికి ఆనవు.

4. రెండు కల్చర్లనూ ఒకే ఓడీ (కల్చర్ ఎంత చిక్కగా పెరిగిందో చెప్పే కొలత) దగ్గర తీయండి, గ్రోత్ ఫేజ్ మారితే సూపర్‌కాయిలింగ్ కూడా మారిపోతుంది.

పక్కన నోవోబయోసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన కల్చర్ ఒకటి పెట్టుకోండి. నెగటివ్ మెలికలు వేసే ఎంజైమ్ గైరేజ్ నెమ్మదిస్తుంది కనుక ఆ లేన్‌లో బ్యాండ్లు పైకి జరగాలి.